శనివారం తూర్పు ప్రయాణం

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టి, దానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మరో పల్లెటూరికి కాపరానికి వచ్చిన మనిషి. ఆవిడకి ఇంగ్లీషుతో పనేముంది? అయినా ఏడంటే ఏడు ఇంగ్లీషు మాటలు ఆవిడ నోట ఇట్టే పలికేవి. నార్తు, సౌతు, ఈస్టు, వెస్టు, టేకు, ఓపెను, వెయిటు. పోయేదాకా వాటిని మర్చిపోలేదు. బస్సు దిగి రిక్షా ఎక్కితే "ఈస్టుకి పోనీ నాయనా" అనేవారట. రిక్షా అబ్బాయి తెల్లబోయి చూసేవాడని మా ఆడపడుచు ఉత్తరాల్లో రాసేది.

ఈ ఏడు మాటలూ ఆవిడ బళ్ళో నేర్చుకున్నవి కావు. నేను నేర్పినవి అంతకన్నా కావు. మా ఇంటికి కొత్తగా వచ్చిన కంప్యూటరు నేర్పింది. ఈ మాట ఎవరితో అన్నా నమ్మరు. అంచేత మొదట్నించీ చెప్పుకొస్తాను.

1983 సంగతి. మావారు ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రి డాక్టరు. మేం అక్కడికి వెళ్ళేసరికి మావాడికి రెండేళ్ళు. ముద్దు ముద్దుగా తెలుగు మాట్లాడేవాడు. బళ్ళో వేశాక ఆ తెలుగు ఎటు పోయిందో పోయింది. మనం అన్నది అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. "అన్నం తింటావా?" అంటే "నాట్ నౌ" అనేవాడు. నాకూ మావారికీ అలవాటైపోయింది. ఇంట్లో రెండు భాషలు పక్కపక్కనే రైలు పట్టాల్లా సాగుతుండేవి.

ఆ ఏడు సెప్టెంబరు ఆఖర్న మా అత్తగారు ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. పెట్టెనిండా ఆవకాయ, కందిపొడి, అప్పడాలు, మనవడి కోసం ఒక పెద్దబాలశిక్ష. తొమ్మిదేళ్ళ మనవణ్ణి దగ్గరికి తీసుకుని "ఎన్నో క్లాసురా నాన్నా?" అన్నారు. వాడు చెప్పాడు. ఆవిడ నా మొహం చూశారు. నేను తెలుగులో చెప్పాను. మళ్ళీ ఆవిడ ఏదో అడిగారు, వాడు ఏదో చెప్పాడు, మళ్ళీ నేను. ఇలా నాలుగైదు ప్రశ్నలయ్యేసరికి ఇద్దరికీ విసుగొచ్చింది. వాడు మెల్లగా జారుకున్నాడు.

పదిరోజులు గడిచాయి. ఒకనాటి రాత్రి గిన్నెలు కడుగుతుంటే వెనక నించుని, "పిల్లాడు నాతో మాట్లాడడమ్మాయ్" అన్నారు. కోపంగా అంటే ఏదో సర్దిచెప్పేదాన్ని. కోపం లేదు ఆ గొంతులో. ఇంత దూరం, ఆ వయసులో, విమానం ఎక్కి వచ్చింది వాడి కోసమే గదా. నాకేం తోచలేదు. నీళ్ళ కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పాను.

ఆ అక్టోబరులోనే మావారు కంప్యూటరు కొన్నారు. సింక్లైర్ వారి స్పెక్ట్రమ్. 1982 ఏప్రిల్లో అది మొదట బజార్లోకి వచ్చినప్పుడు 48 కె రకం 175 పౌన్లు. మరుసటి ఏటికి 129 పౌన్ల 95 పెన్నీలకి దిగింది. దిగిందిగదా అని మావారు ధైర్యం చేశారు. "పిల్లాడు దీంతో లెక్కలు నేర్చుకుంటాడు" అన్నారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ తండ్రి కంప్యూటరు కొన్నా అన్నమాట అదే. లెక్కల కేసెట్టు కూడా ఒకటి తెచ్చారు పాపం. అది వారం తిరక్కుండా అటకెక్కింది.

కంప్యూటరంటే ఇప్పుడు మీరు ఊహించుకునేది కాదు. ఒక పుస్తకమంత నల్లటి డబ్బా. దానిమీద నలభై బూడిదరంగు రబ్బరు మీటలు, నానబెట్టిన శనగల్లా మెత్తగా ఉండేవి. ఒక్కో మీట మీదా, దాని పైనా కిందా అయిదారు రకాల రాతలు. తెర లేదు, ఇంట్లో టీవీకే తగిలించాలి. లోపల దాచుకునే చోటూ లేదు, టేప్‌రికార్డరులో కేసెట్టు పెట్టి ప్రతిసారీ మళ్ళీ మొదట్నించీ ఎక్కించాలి. 48 కె అంటే నలభైతొమ్మిదివేల చిల్లర అక్షరాలు పట్టే చోటు. ఇవాళ మనం ఫోన్లో తీసే ఒక్క ఫోటో అలాంటివాటిని యాభై అరవై మింగి కూచుంటుంది.

మావాడు కొనిపించుకున్న ఆట పేరు 'ద హాబిట్'. వెల 14 పౌన్ల 95 పెన్నీలు. ఆటకి అది చాలా ఎక్కువ. కాకపోతే డబ్బాలో కేసెట్టుతోపాటు టోల్కీన్ రాసిన అసలు నవల కూడా పెట్టి ఇచ్చారు. 1937లో అచ్చయిన పిల్లల కథ. బిల్బో అనే పొట్టివాడు ఒక మంత్రగాడి మాట విని, మరుగుజ్జుల కూడా బయల్దేరి, కొండలూ అడవులూ దాటి, నిధి మీద కూచున్న డ్రాగన్ దగ్గరికి వెళ్ళొచ్చిన కథ. ఆటలో మనమే బిల్బో. ఇందులో ఎగరడాలూ గెంతడాలూ, తుపాకులు పేల్చడాలూ ఏమీ లేవు. నువ్వు ఎక్కడున్నావో, ఎదుట ఏముందో తెరమీద రాసి వస్తుంది. ఏం చెయ్యాలో మనం అక్షరాలు నొక్కి చెప్పాలి. తలుపు తెరు. తూర్పుకి వెళ్ళు. తాడు తీసుకో. అప్పుడు దాని ఫలితం రాసి వస్తుంది. కొన్ని చోట్ల బొమ్మ కూడా గీసేది. ముందు గీతలు ఒక్కొక్కటే పడేవి, తర్వాత రంగు నింపుకుంటూ పోయేది. ఈలోగా కాఫీ కలుపుకోవచ్చు.

కేసెట్టు ఎక్కించడం ఒక క్రతువు. జె అనే మీట నొక్కితే లోడ్ అనే మాట దానంతట అదే పడేది. ఆ తర్వాత రెండుసార్లు కొటేషన్ గుర్తు. అప్పుడు టేపు తిప్పాలి. మొదట తెర అంచులచుట్టూ ఎర్రచారలు, నీలిచారలు. ఆ తర్వాత పసుపూ ముదురునీలం చారలు పరుగెత్తేవి. చెవులు చిల్లులుపడే కూత. షార్టువేవులో రేడియో సిలోను పట్టుకోబోతే వచ్చేదే, దాన్ని పదింతలు చేసుకోండి. నాలుగైదు నిమిషాలు అలా అరిచాక ఆఖర్న టేపు చదవడంలో తప్పొచ్చిందని ఒక ముక్క రాసి ఊరుకునేది కొన్నిసార్లు. శబ్దం కాస్త తగ్గించి, కాస్త పెంచి, మళ్ళీ మొదలు.

ఆ కూత విని పూజ మధ్యలోంచి లేచొచ్చారు మా అత్తగారు మొదటిరోజు. "దేన్ని చంపుతున్నార్రా?" అంటూ. అప్పటికి అరుపు ఆగి తెరమీద గీతలు పడుతున్నాయి. మావాడు నేలమీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఆవిడ సోఫాలో కూచున్నారు. "ఏం రాసుంది?" అన్నారు. వాడు అలవాటు ప్రకారం వంటింటివైపు చూశాడు. నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను. "నా చేతులు ఖాళీ లేవు, నువ్వే చెప్పు" అన్నాను.

వాడు చాలాసేపు నోరు మెదపలేదు. తర్వాత తడుముకుంటూ, "నువ్వు... ఇల్లు. ఇల్లులో ఉన్నావు. తూర్పుకి... డోర్. రౌండ్ డోర్. పచ్చ" అన్నాడు.

"తూర్పు వాకిలా! మంచి ఇల్లే" అన్నారు మా అత్తగారు. "తలుపు తియ్యమను మరి."

అదీ ఆరంభం. ఆ సాయంత్రం మావాడు తెలుగులో ఎన్ని మాటలన్నాడో నేను తరిగిన బంగాళాదుంపలకే తెలియాలి. కూర మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం పెద్ద పేచీ వచ్చింది. బడి లేదుగదా అని వాడు పొద్దున్నే కేసెట్టు ఎక్కించి తలుపు తీయబోయాడు. "ఇవాళ శనివారం. తూర్పుకి ప్రయాణం ఏమిట్రా, వారశూల!" అన్నారు ఆవిడ. సోమవారం, శనివారం తూర్పుకి పనికిరాదని మన పెద్దవాళ్ళ పట్టింపు. బిల్బో ఇంటికేమో వాకిలి ఒక్కటే, అది తూర్పుకే. వాడికేమో బాగా తీరికగా దొరికేది శనివారమే. ఈ పీటముడి ఎలా విప్పడం? ఆవిడే విప్పారు. మన పల్లెల్లో రోజు బాగాలేకపోతే ముందురోజే మంచి ఘడియలో బట్టలమూట తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టొచ్చేవారు, అదే బయల్దేరినట్టు లెక్క. ఆ ఆటలోనూ ఎంతవరకు ఆడామో అంతవరకూ టేపుమీద దాచుకునే వీలుంది. అంచేత శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక బిల్బో తలుపు తీసి తూర్పుకి నాలుగడుగులు వేసేవాడు. అక్కడ దాచేవాళ్ళు. శనివారం పొద్దున్న అక్కణ్ణించి ప్రయాణం. ఈ సదుపాయం పెట్టినవాళ్ళు దీన్ని ఊహించి ఉండరు.

ఆ పెట్టినవాళ్ళెవరో నేను చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలుసుకోలేదు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలో బీమ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ. దాంట్లో పనిచేసిన వెరోనికా మెగ్లర్, ఫిలిప్ మిచెల్ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థులు దీన్ని రాశారు. ఎక్కువ పాలు ఆ అమ్మాయిదే అంటారు. అంతకుముందే ఇలాంటి ఆట ఒకటి ఉంది. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన, గుహల్లో తిరిగే సరదా ఉన్న మనిషి, కెంటకీలోని మామత్ గుహల్ని గుర్తుంచుకుని 1970ల మధ్యలో రాశాడు. భార్యతో విడిపోయాక తన దగ్గరికి వచ్చే కూతుళ్ళు ఆడుకోడానికని రాశాట్ట. 1977లో డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెంచాడు. దాంట్లో గుహలున్నాయి, వస్తువులున్నాయి, ఒకరిద్దరు దుష్టులున్నారు. కానీ మన కూడా నడుస్తూ, మనతో మాట్లాడుతూ, మనం లేనప్పుడు కూడా తమ పనులు తాము చూసుకునే మనుషుల్ని పెట్టింది మెగ్లర్. అదే మా ఇంట్లో పని చేసిన మందు.

ఇంకోటి కూడా. ఆ ఆటకి అర్థమయ్యే భాషకి వాళ్ళు ఒక పేరు పెట్టారు, 'ఇంగ్లిష్' అని. తేడా ఏమిటంటే, అసలు మాటకి మొదటి అక్షరం ఇ అయితే వీళ్ళు ఐ పెట్టి రాశారు. కొన్ని వందల మాటలే తెలిసిన ఇంగ్లీషు అన్నమాట. అంతకుమించి అంటే నాకు తెలీదు పొమ్మనేది. మావాడి తెలుగూ సరిగ్గా అంతే. కొన్ని వందల మాటలు, ఆ పైన తెల్లమొహం. ఈ రెంటి మధ్యా మా అత్తగారు కూచుని కథ నడిపించారు. "ఆ గడియ ఊడబెరుకు" అంటే వాడికి తెలీదు. "తలుపు తియ్యి" అంటే తెలుసు. దాన్ని తిరగేసి, క్రియ ముందుకి తెచ్చి, మీటలు నొక్కేవాడు. ఇద్దరి దగ్గరా ఎలాంటి మాటలు చెల్లుతాయో ఆవిడ వారంలో కనిపెట్టేశారు. నేను పదేళ్ళు కాపరం చేసినా ఆవిడలో అంత ఓర్పుందని ఎరగను.

ఆటలో ఇద్దరు మనకి తోడుంటారు. గాండాల్ఫ్ అనే మంత్రగాడు, థోరిన్ అనే మరుగుజ్జు రాజు. గాండాల్ఫ్ వస్తూనే చేతిలో ఒక పటం పెడతాడు. కాసేపటికి చెప్పాపెట్టకుండా మాయమవుతాడు. మళ్ళీ ఎక్కడో ప్రత్యక్షమై మనం దాచుకున్న వస్తువు పట్టుకుపోతాడు. "నారదుడు" అని పేరు పెట్టేశారు ఆవిడ. థోరిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కష్టసమయంలో నేలమీద చతికిలబడి బంగారాన్ని గురించి పాట అందుకుంటాడు. పక్కన మన పీకమీద కత్తున్నా అంతే. లేకపోతే త్వరగా రమ్మని మనల్ని తొందరపెడతాడు. ఆయన 'పాటగాడు'. మా అత్తగారికి వాడిమీద చెప్పలేనంత కోపం. మా పెదమామగారు కూడా పంటనూర్పిళ్ళప్పుడే హార్మోనియం ముందేసుకునేవారట. ఆ కథ నేను కూడా అప్పుడే విన్నాను. వాడు ఇంకా చెప్పు ఇంకా చెప్పు అని ప్రాణం తీసేవాడు, తెలుగులోనే.

మనం ఏ మీటా నొక్కకుండా ఊరుకుంటే అక్కడ కాలం ఆగదు. గడుస్తోందని రాసి వస్తుంది. మనం పెరుగు తోడుపెట్టి వచ్చేసరికి నారదుడు వెళ్ళిపోయి ఉంటాడు, పాటగాడు పాట ముగించి ఉంటాడు. ఇది ఆవిడకి బాగా నచ్చింది. "అచ్చం మనూరే" అన్నారు.

రాక్షసుల ఘట్టం ఒకటుంది. ఇద్దరు ట్రోల్స్ అడవిలో కాపు కాసి ఉంటారు. రాత్రిపూట వెళ్ళామా, తినేస్తారు. ట్రోల్ అంటే ఏమిటో మావాడు చెప్పలేకపోయాడు. పెద్దగా ఉంటాడు, పళ్ళుంటాయి, మనుషుల్ని తింటాడు అని చేతులతో చూపించాడు. "రాక్షసుడా?" అన్నారు ఆవిడ. వాడి మొహం వెలిగిపోయింది. రాక్షసుడు! ఆ వారమంతా బళ్ళో పిల్లల్ని, ఎదురింటి కుక్కని, వాళ్ళ నాన్నని కూడా రాక్షసుడనే పిలిచాడు. ఆ ట్రోల్స్‌ని జయించే ఉపాయం తెల్లవారేదాకా ఆగడం. పొద్దు పొడిచిందంటే రాళ్ళయిపోతారు. వెయిట్ అని నొక్కాలి. మళ్ళీ వెయిట్. మా అత్తగారికి వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ఇదే.

ఎల్రాండ్ అని ఇంకొకాయన ఉన్నాడు. వాళ్ళింటికి వెళ్తే అడక్కుండా భోజనం ఇస్తాడు. "ఈ దేశం మొత్తంలో మర్యాద తెలిసినవాడు ఇతనొక్కడే" అన్నారు ఆవిడ. ఏ దేశాన్ని గురించి అన్నారో నేను రెట్టించి అడగలేదు. గాండాల్ఫ్ ఇచ్చిన పటం బిల్బోకి చదవరాదు. ఎల్రాండ్‌ని చదివి పెట్టమని అడగాలి. "వాడూ నాలాంటివాడే" అని నవ్వారు.

అడగాలీ అంటే దానికో పద్ధతుంది. పక్కవాళ్ళతో ఏది చెప్పినా ఆ మాటకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. ఆ గుర్తు రావాలంటే కుడిచేతి కింద సింబల్ షిఫ్ట్ అని ఎర్రక్షరాలున్న మీట అదిమిపట్టి, పి నొక్కాలి. ఒకసారి వాడి చేతిలో రొట్టె ఉంది. "నాయనమ్మా, ఈ ఎర్రది పట్టుకో" అన్నాడు. ఆవిడ సోఫా దిగి నేలమీద వాడి పక్కన కూచుని చూపుడువేలు ఆ మీట మీద పెట్టారు. అంతే, ఆ తర్వాత అది ఆవిడదైపోయింది. రొట్టె ఉన్నా లేకపోయినా సరే. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే "నాయనమ్మా!" అని కేక. ఆవిడ వత్తులు చేసుకుంటూనో, బియ్యం ఏరుతూనో ఉంటే, అవి పక్కన పెట్టి వచ్చి వేలు పెట్టేవారు. 1986లో మన దేశంలోనే డెసిబెల్స్ అనే కంపెనీ దీని తర్వాతి రకాన్ని 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' అని అమ్మింది. ఆ ప్లస్ రకంలో మెత్తటి రబ్బరు తీసేసి గట్టి ప్లాస్టిక్కు మీటలు పెట్టారు, కొటేషన్ గుర్తుకి విడిగా ఓ మీటే ఇచ్చేశారు. సుఖమే అనుకోండి. ఆవిడ చూసి ఉంటే మాత్రం చిన్నబుచ్చుకునేవారు.

దారి తప్పకుండా ఉండాలంటే పటం గీసుకోవాలి. ఇలాంటి ఆటలాడే వాళ్ళందరూ గీసుకునేవారే. మావాడు పాత కేలండరు కాగితం వెనక గళ్ళు గీసి, ఒక్కో గడిలో చోటు పేరు ఇంగ్లీషులో రాశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "నాకు తెలియొద్దూ? తెలుగులో రాయి" అన్నారు. వాడికి రాయడం రాదు. అప్పుడు బయటికొచ్చింది పెద్దబాలశిక్ష. దాన్ని మొదట్నించీ దిద్దించలేదు ఆవిడ. ఏ గడికి ఏ మాట కావాలో ఆ అక్షరాలే. గుహ కావాలి గనక గ, హ. చెర కావాలి గనక చ, ర. కొండకి సున్నా. అక్షరమాల వరసలో రాకపోతే ఏం, డిసెంబరు మంచు కురిసే నాటికి ఆ కేలండరు వెనక సగం మధ్యలోకం తెలుగులో ఉంది. గాబ్లిన్లకి పిశాచాలని, ఎల్ఫులకి యక్షులని ఆవిడే అనువాదం చేశారు. ఉంగరం పెట్టుకుంటే మాయమైపోవడం చూసి, "ఇది విఠలాచార్య సినిమారా" అన్నారు. వాడికి విఠలాచార్య ఎవరో చెప్పడానికి ఒక ఆదివారం పట్టింది.

జనవరిలో మాత్రం బండి చతికిలబడింది. పిశాచాలు పట్టుకుపోయి చెరలో పడేశాయి. తలుపు రాదు. పైన ఎత్తుగా కిటికీ. అందదు. మావాడు ఎన్ని విధాల చెప్పినా బిల్బోకి చేతకాలేదు. బళ్ళో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం చెప్పారు, ఒక్కటీ పారలేదు. ఆటకి దారి చూపించే పుస్తకం ఒకటి ఆ ఏడే అమ్మకానికొచ్చింది గానీ అప్పటికి మాకు తెలీదు. మూడు వారాలు అదే చెర. సాయంత్రం నాలుగింటికే చీకటి. మావారు తొమ్మిదింటి వార్తల కోసం టీవీ చుట్టూ తచ్చాడడం. పక్కనే థోరిన్ ఉన్నాడు, వాడికీ చెరే, అయినా పాట మానడు.

ఒకరోజు ఆవిడకి ఒళ్ళు మండింది. "ఆ కూచున్నవాణ్ణి ఎత్తుకోమనరాదూ! ఊరికే గొంతు చించుకుంటున్నాడుగా" అన్నారు.

వాడు తెల్లబోయాడు. "ఎత్తుకో అంటే?"

"కోటప్పకొండ తిరనాళ్ళలో జనం. ప్రభలు కనబడ్డం లేదని మీ నాన్న ఏడుపు. అప్పుడు నేను వాణ్ణి భుజానికెత్తుకుని చూపించలా? అలా ఎత్తుకోమను. కిటికీ అందుతుంది."

మావారు పేపరు దించి చూశారు. వాడు ఎర్రమీట మీద నాయనమ్మ వేలు పెట్టించి, నన్ను ఎత్తుకో అని థోరిన్‌తో చెప్పించాడు. వాడు వినలేదు. ఆ ఆటలో మనుషులకి ఆ హక్కు కూడా ఉంది, వినకపోవచ్చు. మళ్ళీ చెప్పించాడు. ఈసారి ఎత్తుకున్నాడు.

ఆ కేకకి పక్కింటివాళ్ళు గోడ తట్టారు. కిటికీ దాటి బయటపడ్డాక మావాడు నాయనమ్మ మెడ కావలించుకుని తెలుగులో ఏమేమో అన్నాడు. సగం తప్పులు. మావారు పేపరు మళ్ళీ ఎత్తిపట్టుకున్నారు, ఎంతసేపటికీ పేజీ తిప్పలేదు.

మార్చిలో ఆవిడ వెళ్ళిపోయారు. అప్పటికి ఆట యక్షుల రాజు కోట దాకా వచ్చింది. ఎక్కడిదాకా వచ్చామో చెప్పడానికి అడిగితే నూటికి ఇంత అని అంకె చూపించేది అది. సగం కూడా దాటలేదు. విమానాశ్రయంలో ఆవిడ నాతో చెప్పింది మాగాయ ఎండబెట్టమని. వాడితో చెప్పింది డ్రాగన్ చచ్చాక ఉత్తరం రాయమని. కేలండరు పటానికి వాడొక నకలు గీసి ఇస్తే మడిచి చేతిసంచీలో పెట్టుకున్నారు.

మే నెలలో చచ్చింది డ్రాగన్. సరోవరం ఒడ్డున బార్డ్ అనే విలుకాడుంటాడు. అతనితో కొట్టమని చెప్పాలి. అతను కొడితేనే పడుతుంది. ఆ తర్వాత నిధి మోసుకుని ఇంటికొచ్చి పెట్టెలో పెట్టడంతో ఆట సమాప్తం. ఆ రాత్రే వాడు నీలిరంగు ఏరోగ్రామ్ అడిగి తీసుకున్నాడు. నేను సాయం చేస్తానంటే వద్దన్నాడు. రాయడానికి రెండు రోజులు పట్టింది. అంటించే ముందు నాకు చూపించాడు. అక్షరాలు ఒక్కొక్కటీ గారెలంత ఉన్నాయి. ఒత్తులు చాలావరకు లేవు. వాటిని నేను సరిచేసి చెప్తున్నాను.

"నాయనమ్మా, డ్రాగన్ చచ్చిపోయింది. బార్డ్ కొట్టాడు. నేను చెప్పాను, వాడు కొట్టాడు. పీపాయి ఎక్కి నదిలో వచ్చాను. రాక్షసులు ఇంకా రాళ్ళే. బార్డ్‌తో మాట్లాడేటప్పుడు నీ మీట నేనే ఇంకో చేత్తో పట్టుకున్నాను. మాగాయ అయిపోయింది."

మూడు వారాలకి జవాబొచ్చింది. వాడి పేరు మీదే. నా చేతికి ఇవ్వకుండా మెట్లమీద కూచుని గట్టిగా కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. డ్రాగన్ చచ్చినందుకు సంతోషం. ఆ డబ్బు జాగ్రత్తగా దాచమను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మీ అత్తయ్యకి ఆడపిల్ల పుట్టింది. నువ్విచ్చిన పటం ముందు పెట్టుకునే రాస్తున్నాను. పీపాయి ఎక్కి నువ్వొక్కడివే వచ్చినట్టు రాశావు. ఆ పాటగాడు ఇల్లు చేరాడా?

వాడు చాలాసేపు ఆ ఉత్తరం పట్టుకుని కూచున్నాడు. థోరిన్ యక్షుల కోటలోనే ఉండిపోయాడు. పీపాయిలో వాడికి చోటు లేదు, వాణ్ణి తీసుకురాకపోయినా ఆటేమీ ఒప్పుకోనని అనదు. వచ్చాడని రాసెయ్యమన్నాను నేను. నాయనమ్మకి తెలుస్తుందా?

వాడు నావైపు అదోలా చూసి, అటకమీంచి టేప్‌రికార్డరు దించాడు. ఆ రోజు సోమవారం. గోడమీద కేలండరు చూసి, మళ్ళీ అటకమీద పెట్టేశాడు. మంగళవారం సాయంత్రం బడినించి వస్తూనే, బూట్లు కూడా విప్పకుండా, జె నొక్కాడు.